మఖలో పుట్టి పుబ్బలో పోయిన పటాలాలు: ఇంతకీ 84వ రెజిమెంట్లు ఎన్ని?

మీ ప్రశ్న ఇది: 1760లో వందవాసి యుద్ధంలో బ్రిటిష్ 84వ రెజిమెంట్ పోరాడిందని ఒక పుస్తకంలో చదివారు. నెట్‌లో వెతికితే 84వ రెజిమెంట్ 1793లో పుట్టిందని వచ్చింది. ఇంకోచోట అదే నంబరు 1775లో కెనడాలో కనిపించింది. ఎవరో ఒకరు తప్పు రాసి ఉండాలి కదా, ఎవరు అని అడిగారు.

ఎవరూ తప్పు రాయలేదండీ. అవి మూడు వేరువేరు పటాలాలు. మనుషులు వేరు, ఊళ్ళు వేరు, ఒకదానికొకటి చుట్టరికం లేదు. కలిసింది నంబరు ఒక్కటే. సినిమా హాల్లో సీటు నంబరు లాంటిది అనుకోండి. మ్యాట్నీలో ఆ సీట్లో కూర్చున్నాయనకీ, ఫస్ట్ షోలో అదే సీట్లో కూర్చున్నావిడకీ సంబంధం ఏముంటుంది? పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ సైన్యంలో పెద్ద నంబర్లన్నీ అలాంటి సీట్లే. యుద్ధం మొదలైతే నిండుతాయి, సంధి కుదరగానే ఖాళీ అవుతాయి, మళ్ళీ యుద్ధం వస్తే కొత్తవాళ్ళొచ్చి కూర్చుంటారు.

ఇరవై ఏళ్ళుగా ఈ పాత సైన్యం జాబితాలతో కుస్తీ పడుతున్నాను. నేను కూడా ఇక్కడే బోర్లాపడ్డాను, ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ మూడు 84ల లెక్క తేల్చేద్దాం.

మొదటి 84 ఐర్ కూట్ అనే ఇంగ్లీషు కల్నల్‌ది. 1759లో ఇండియా కోసమే తయారుచేసి చెన్నపట్నం పంపారు. 1760 జనవరి 22న వందవాసి దగ్గర ఫ్రెంచి సేనాధిపతి లాలీకి ఎదురు నిలిచిన సైన్యంలో రాజుగారి పటాలాలు రెండే. ఒకటి కూట్ 84, రెండోది డ్రేపర్ 79. మిగతా తెల్లవాళ్ళు కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) జీతగాళ్ళు, వాళ్ళతోపాటు మన సిపాయిలు. ఫ్రెంచివాళ్ళ లొరేన్ పటాలం ఇరుకైన ముఖంతో, పొడవాటి వరసగా కట్టుకుని తిన్నగా కూట్ మనుషుల మీదికి దూసుకొచ్చింది. వీళ్ళు తుపాకులు ఎత్తిపట్టుకుని, శత్రువు యాభై గజాల దాకా వచ్చేవరకూ పేల్చలేదు. ఒక్కసారి అందరూ పేల్చేసరికి ఆ వరస ముందుభాగం కుప్పకూలింది. అయినా వెనకవాళ్ళు ఆగకుండా వచ్చి బాయొనెట్లతో కలబడ్డారు, కానీ నిలవలేకపోయారు. కాసేపటికి ఇంకోవైపు ఫ్రెంచివాళ్ళ మందుగుండు బండి ఒకటి పేలింది. ఆ గందరగోళంలోకి డ్రేపర్ పటాలాన్ని నడిపించుకుంటూ వెళ్ళిన మేజర్ బ్రెరిటన్ ప్రాణాంతకంగా గాయపడ్డాడు. కల్నల్ డ్రేపర్ అప్పటికే ఆరోగ్యం పాడై ఇండియా వదిలి వెళ్ళిపోయాడు.

మన తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక తెలిసిన మొహం కనిపిస్తుంది. ఆ రోజు బందీగా దొరికినవాళ్ళలో బుస్సీ ఉన్నాడు. అవును, 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి వచ్చిన బుస్సీయే. లాలీ పిలవబట్టి దక్కను వదిలి వెళ్ళాడు, చివరికి వందవాసిలో ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కాడు. మనవాళ్ళ కథల్లో బుస్సీ బొబ్బిలి దగ్గరే ఆగిపోతాడు కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు.

మరుసటి ఏడాది జనవరిలో పుదుచ్చేరి పడిపోయింది. 1763లో పారిస్ సంధి కుదిరింది. ఇక కూట్ 84తో పని లేదు, రద్దు చేసేశారు. ఇంత పేరు తెచ్చుకున్న పటాలానికి గట్టిగా లెక్కేస్తే ఐదారేళ్ళు కూడా ఆయుష్షు లేదు.

రెండో 84 కథ నాకు మరీ ఇష్టం. 1763లో పటాలాలు రద్దు చేసినప్పుడు ఉత్తర అమెరికాలో పనిచేసిన సైనికులకి అక్కడే భూములు ఇస్తామని రాజు ప్రకటన వచ్చింది. హోదాని బట్టి వాటా. మేజరు, ఆపై ఆఫీసర్లకి 5,000 ఎకరాలు, కెప్టెన్‌కి 3,000, మామూలు సిపాయికి 50. స్కాట్లండ్ కొండప్రాంతం నుంచి వచ్చిన సైనికులు చాలామంది అక్కడే ఉండిపోయారు. పన్నెండేళ్ళు తిరిగేసరికి అమెరికా తిరుగుబాటు మొదలైంది. ఆలన్ మెక్లీన్ అనే పాత ఆఫీసరు ఈ పాత సైనికుల్నీ, కొత్తగా వలస వచ్చిన స్కాట్‌లనీ పోగేసి ‘రాయల్ హైలండ్ ఎమిగ్రెంట్స్’ అని ఒక దళం కట్టాడు. 1775 డిసెంబరు 31న మంచు తుఫానులో క్విబెక్ కోట మీద అమెరికన్లు దాడి చేస్తే కాపాడినవాళ్ళలో వీళ్ళున్నారు. అప్పటికి వాళ్ళకి నంబరే లేదు. మూడేళ్ళు దాటాక గానీ రెగ్యులర్ సైన్యంలో చేర్చుకుని, ఖాళీగా ఉన్న 84 ఇవ్వలేదు. యుద్ధం అయిపోయాక 1784 కల్లా అదీ పోయింది. తమాషా ఏమిటంటే, ఈ మెక్లీన్ అంతకుముందు 1761లో 114వ నంబరుతో ఒక పటాలం కట్టాడు, అది 1763లోనే చచ్చిపోయింది. పాపం, ఆయన చేతి మీదుగా పుట్టినవాటికి ఆయుష్షు లేదు.

మూడోది 1793 నాటి 84. నిలబడింది ఇదే. తర్వాత యార్క్ అండ్ లాంకస్టర్ అన్న పేరుతో చాలాకాలం నడిచింది. బతికినవాడిదే చరిత్ర కాబట్టి, 84 అని కొడితే మీకు ముందు కనిపించేది ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే నంబరు ఇలా ఎందుకు తిరిగింది? బాగా ఆడుతున్న పటాలాన్ని రద్దు చేసి, పదేళ్ళకి మళ్ళీ కొత్తది కట్టడం ఏం తెలివి?

1751 దాకా బ్రిటిష్ పటాలాలకి కల్నల్ పేరే పేరు. ఫలానా దొరగారి పటాలం అంటే సరిపోయేది. దొర మారితే పేరూ మారేది, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు దొరలుంటే చచ్చామే. 1751లో రాజు ఉత్తర్వుతో అందరూ నంబర్లతోనే పిలవాలని ఖాయం చేశారు. ఆ నంబరు అల్లాటప్పాగా ఇచ్చింది కాదు, సీనియారిటీ. ఎవరు ముందు పుట్టారో వాళ్ళకి చిన్న నంబరు. కవాతులో ఎవరు ఏ పక్కన నిలబడాలన్నది మొదలుకుని, యుద్ధం ముగిశాక ఎవరి ఉద్యోగం ఊడుతుందన్నదాకా అన్నిటికీ అదే ఆధారం. సైన్యం తగ్గించాలంటే కోత చివరి నుంచి మొదలవుతుంది. అందుకే పెద్ద నంబరు దొరికిన కల్నల్‌కి యుద్ధంలో కంటే సంధి వార్త వచ్చినప్పుడు ఎక్కువ టెన్షన్.

సైన్యం తగ్గించక తప్పని పరిస్థితి కూడా ఉంది. రాజు చేతిలో శాశ్వతంగా పెద్ద సైన్యం ఉండటమంటే అక్కడి పార్లమెంటుకి పడదు. సైన్యం అండతో పెత్తనం చేసిన క్రామ్‌వెల్ కాలం, రెండో జేమ్స్ రాజు కాలం వాళ్ళు మర్చిపోలేదు. సైన్యం ఎంతమంది, ఖర్చెంత అన్నది ఏటేటా ఓటు వేసి తేల్చేవాళ్ళు. యుద్ధంలో ఎంత అడిగితే అంత ఇచ్చేవాళ్ళు, సంధి సంతకం ఆరకముందే లెక్కలు తీసేవాళ్ళు. ఏడేళ్ళ యుద్ధంలో (1756–63) నంబర్లు 124 దాకా పాకాయి. 1763 తర్వాత 70 దగ్గర గీత గీశారు. కాళ్ళూ చేతులూ పోయిన పాత సైనికులతో కోటల కాపలాకి పెట్టిన ఇన్వాలిడ్ దళాలు కొన్ని ఇంకొన్నేళ్ళు ఉన్నాయి కానీ, మామూలు పటాలాల్లో 70 దాటినవి పోయాయి.

మరి ఉన్న పటాలాల్లోనే మనుషుల్ని పెంచొచ్చు కదా అంటారా? అప్పుడప్పుడు పెంచారు కూడా. 1756లో పదిహేను పాత పటాలాలకి రెండో బెటాలియన్ తగిలించారు. కానీ రెండేళ్ళు తిరక్కుండానే, 1758లో, ఆ పదిహేనింటినీ విడదీసి 61 నుంచి 75 దాకా సొంత నంబర్లిచ్చారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, కాస్త జాగ్రత్తగా చూడండి. ఈ పదిహేనింటినీ మధ్యలో దూర్చేసరికి అప్పటికే ఆ నంబర్లలో ఉన్నవి వెనక్కి జరిగాయి. 62గా పుట్టిన మాంట్‌గోమరీ స్కాట్‌లు 77 అయ్యారు, 63గా పుట్టిన ఫ్రేజర్ స్కాట్‌లు 78 అయ్యారు, 64గా పుట్టిన మన డ్రేపర్ పటాలం 79 అయింది. లెక్క చూడండి, అన్నీ సరిగ్గా పదిహేనే జరిగాయి. అంటే 1757 నాటి ఉత్తరంలో 64 అనీ, 1759 నాటి ఉత్తరంలో 79 అనీ ఉంటే రెండూ ఒకే మనుషులు కావచ్చు. మీ 84 సమస్యకి ఇది తిరగేసిన రూపం. అక్కడ ఒకే నంబరుకి ముగ్గురు, ఇక్కడ ఒకడికే రెండు నంబర్లు.

ఇంతకుముందే ఇంకో సర్దుబాటు జరిగింది. అమెరికాలో షర్లీ, పెప్పరెల్ అనే ఇద్దరు దొరల పటాలాలు 50, 51. 1756 ఆగస్టులో ఆస్వీగో కోటని ఫ్రెంచివాళ్ళు పట్టుకున్నప్పుడు ఈ రెండూ దాదాపు మొత్తం బందీలయ్యాయి. వాటిని రద్దు చేసి, వెనకున్నవాళ్ళని రెండేసి మెట్లు ముందుకి జరిపారు. 52 కాస్తా 50 అయింది, 53 కాస్తా 51 అయింది, అలా. ఎవరి చావు ఎవరికి ప్రమోషనో చూడండి.

కొత్త పటాలం కట్టడానికి అసలు కారణం మాత్రం పదవులు. కొత్త పటాలం అంటే కొత్త కల్నల్, కొత్త మేజరు, పదిమంది కెప్టెన్లు, ఇరవై పైచిలుకు చిన్న ఆఫీసర్లు. ఒక ప్రభువుకో జమీందారుకో రాజు దగ్గర నుంచి అనుమతి పత్రం వస్తుంది. నీ ఇలాకాలో దండోరా వేయించి వెయ్యిమందిని పోగెయ్యి, ఆఫీసర్లు ఎవరో నువ్వే చెప్పు అని. ఆయన తన తమ్ముళ్ళకీ, మేనల్లుళ్ళకీ, కౌలుదార్ల కొడుకులకీ పదవులు పంచుతాడు. పదవి కావాలన్నవాడు తన వాటాకి ఇంతమంది సిపాయిల్ని తేవాలి. ఎన్ని తలలు తెస్తే అంత హోదా. ఖజానా నుంచి పెద్దగా డబ్బు కదలకుండా కొన్ని నెలల్లో పటాలం తయారు. ప్రభుత్వానికి అది చవక బేరంలా కనిపించేది. సంధి అయ్యాక ఆ ఆఫీసర్లందరికీ బతికినన్నాళ్ళూ సగం జీతం ఇవ్వాల్సి వచ్చేసరికి ఆ చవక ఏపాటిదో తెలిసేది.

సగం జీతం ఆఫీసర్లకే అన్నది గుర్తుంచుకోండి. మామూలు సిపాయికి కొన్ని రోజుల బత్తెం, ఒంటి మీది యూనిఫారం, అంతే. దెబ్బలు తగిలి పనికిరాకుండా పోయినవాళ్ళలో కొందరికి చెల్సీ ఆసుపత్రి పెన్షన్ దొరికేది. మిగతావాళ్ళ సంగతి ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఇండియాలో రద్దయినవాళ్ళకి ఇంకో దారి ఉండేది. కుంపిణీ పటాలాల్లో చేరిపోవడం. ఇంగ్లండుకి ఓడ ఎక్కకుండా అలా ఇక్కడే ఉండిపోయినవాళ్ళు చాలామంది.

ఈ స్వల్పాయుష్షు పటాలాల్లో ఇండియాకి వచ్చినవి మీరు అనుకునేదానికంటే ఎక్కువే. 1764 అక్టోబరు 23న బక్సర్ గెలిచిన హెక్టర్ మన్రో 89వ పటాలం మేజరు. ఆ 89 స్కాట్లండ్ నుంచి వచ్చిన పటాలం, 1759లో పుట్టి 1765లో పోయింది. మన్రో బక్సర్‌కి ముందు తిరగబడ్డ సిపాయిల్ని ఫిరంగి మూతికి కట్టి పేల్చిన ఘనుడు కూడా. హైదరుతో రెండో యుద్ధం నాటికి 98, 100, 101, 102 నంబర్లు కూడా దక్షిణాదిలో తిరిగాయి. సంధి అయ్యాక ఏడాది రెండేళ్ళలో అన్నీ మాయం. ఆ 101, 102 మళ్ళీ 1862లో కనబడతాయి. కుంపిణీ తెల్ల పటాలాలని రాణి సైన్యంలో కలిపేసినప్పుడు బెంగాల్ వాళ్ళకి 101, మద్రాసు వాళ్ళకి 102 ఇచ్చారు. ఆ కొత్త 101 ఐర్లండు మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్‌గా మారింది. దాని యుద్ధ గౌరవాల జాబితాలో ‘కొండోర్’, ‘మసూలిపటం’ అని ఉంటాయి. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర మన చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్‌లో బందరు కోట. రెండూ కర్నల్ ఫోర్డ్ కింద కుంపిణీ మనుషులు చేసినవి. ఆ 101ని 1780లలో వచ్చిపోయిన 101తో కలిపితే మీ వంశవృక్షం వేప చెట్టుకి మామిడి అంటు కట్టినట్టవుతుంది.

ఇండియా పేరు చెప్తే ఆ సైనికులు ఎంత భయపడేవారో చెప్పడానికి రెండు సంఘటనలు.

1778లో సీఫోర్త్ ప్రభువు తన ఇలాకాలో 78వ పటాలం కట్టాడు. ఎడిన్‌బరో దగ్గర లీత్ రేవులో ఓడ ఎక్కమంటే కొన్ని వందల మంది, ఎక్కువగా మెక్రే ఇంటిపేరువాళ్ళు, తుపాకులతో సహా ఊరి పక్కనున్న ఆర్థర్స్ సీట్ గుట్ట ఎక్కి కూర్చున్నారు. తమని కుంపిణీకి అమ్మేశారని పుకారు. దానికి తోడు జీతం బకాయిలు. ఊళ్ళోవాళ్ళు గుట్ట మీదికి తిండి మోసుకెళ్ళి ఇచ్చారు. కొన్ని రోజుల బేరసారాల తర్వాత, బకాయిలు ఇస్తాం, శిక్ష వేయం అంటే దిగొచ్చారు. అప్పుడు వాళ్ళని పంపింది ఇండియాకి కాదు, ఫ్రాన్స్ తీరానికి దగ్గరున్న చానల్ దీవులకి. కానీ మూడేళ్ళకి పుకారు నిజమైంది. 1781 జూన్‌లో దాదాపు వెయ్యిమంది చెన్నపట్నం ఓడ ఎక్కారు. దారిలోనే సీఫోర్త్ ప్రభువు చనిపోయాడు. రెండు వందల మందికి పైగా సముద్రంలోనే పోయారు, ఎక్కువమంది స్కర్వీ అనే జబ్బుతో. 1782 ఏప్రిల్‌లో చెన్నపట్నంలో దిగినప్పుడు ఆయుధం పట్టగల స్థితిలో ఉన్నవాళ్ళు 369 మంది. ఒక్క తూటా పేలకుండానే ఆ పటాలంలో మూడింట రెండొంతులు పడిపోయింది. ఇది మాత్రం రద్దవలేదు. ఇండియాలో అవసరం ఉంది కాబట్టి 1786లో 72 అని నంబరు మార్చి ఉంచుకున్నారు.

రెండోది పోర్ట్స్‌మత్‌లో 1783 జనవరిలో జరిగింది. ఆథోల్ ప్రభువు ఇలాకాలో కట్టిన 77వ పటాలం ఐర్లండులో పనిచేసింది. వాళ్ళు చేరినప్పటి షరతు మూడేళ్ళు, లేదా యుద్ధం ముగిసేదాకా. ఆ జనవరి 20న ప్రాథమిక సంధి మీద సంతకాలయ్యాయి. సరిగ్గా అప్పుడే వీళ్ళని ఇండియా ఓడ ఎక్కమన్నారు. యుద్ధం అయిపోయిందిగా, మేం ఎక్కం అన్నారు. బలవంతం చేయబోతే ఊళ్ళోనే కొట్లాట అయింది. పాత ఇన్వాలిడ్ సైనికుడొకడు చచ్చిపోయాడు కూడా. అంత జరిగినా విషయం పార్లమెంటు దాకా వెళ్ళేసరికి, చేరేటప్పుడు రాసుకున్న షరతు సిపాయిల పక్షానే ఉందని ఒప్పుకోక తప్పలేదు. ఓడ ప్రయాణం రద్దయింది. ఉత్తరానికి నడిపించి ఏప్రిల్‌లో పటాలం మొత్తాన్ని ఇంటికి పంపేశారు. పద్దెనిమిదో శతాబ్దంలో తిరగబడి గెలిచిన సిపాయిలు అరుదు, వీళ్ళు ఆ కొద్దిమందిలో ఉన్నారు. ఇప్పుడు బ్లెయిర్ కోటలో కవాతు చేసే ఆథోల్ హైలండర్స్ వీళ్ళ వారసులని టూరిస్టులు అనుకుంటారు. ఆ ప్రైవేటు దళం 1839లో వేరేగా పుట్టింది.

ఇక నేను బోర్లాపడిన సంగతి. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదరు, టిప్పు కలిసి ఇంగ్లీషు కల్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టినప్పుడు డేవిడ్ బెయర్డ్ అనే కెప్టెన్ పట్టుబడ్డాడు. ఆయన పటాలం 73. మూడున్నరేళ్ళకి పైగా శ్రీరంగపట్నం చెరలో ఉన్నాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం గోడ ఎక్కిన సైన్యానికి నాయకుడు అదే బెయర్డ్. ఎక్కిన పటాలాల్లో 73 ఉంది. ఇంకేం, “తన పాత పటాలంతోనే తిరిగొచ్చి పగ తీర్చుకున్నాడు” అని ఒక చిన్న పత్రికలో సినిమా క్లైమాక్స్‌లా రాసిపారేశాను. నెల తిరక్కుండా ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు: “అయ్యా, బెయర్డ్ 73ని 1786లో 71గా మార్చారు. మీరు రాసిన 73 అంతకుముందు 42వ పటాలం రెండో బెటాలియన్. మంగుళూరు ముట్టడిలో ఉన్నది వీళ్ళే.” తలెత్తుకోలేకపోయాను. ఆ పోస్టుకార్డు ఇప్పటికీ నా డిక్షనరీలో బుక్‌మార్కుగా ఉంది.

అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఒకటే. నంబరు ఒక్కటే ఎప్పుడూ రాయను. నంబరు, పక్కన కల్నల్ పేరు, పక్కన సంవత్సరం, మూడూ ఉంటే గానీ కలం కదపను. మీరు చదివే పుస్తకంలో సంవత్సరం ఉంటుంది కాబట్టి సగం పని అయినట్టే. అప్పటి సైన్యం జాబితా 1754 నుంచి దాదాపు ఏటా అచ్చయింది, చాలా సంపుటాలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. అందులో ఆ ఏడాది ఆ నంబరు కింద ఎవరి పేర్లున్నాయో చూడండి. ఇంకా లోతుకి వెళ్ళాలంటే లండన్ పక్కన క్యూ అనే ఊళ్ళో (పేరుకి తగ్గట్టు అక్కడ కూడా క్యూ ఉంటుంది) నేషనల్ ఆర్కైవ్స్‌లో హాజరుపట్టీలు, జీతాల పట్టీలు ఉన్నాయి. పేరు పక్కన చనిపోయాడు, పారిపోయాడు, ఫలానా పటాలానికి పంపాం అని ఒక్కో ముక్క రాసి ఉంటుంది. నాలుగైదేళ్ళు బతికిన పటాలాలకి ఈ పట్టీలు అరకొరగానే దొరుకుతాయి. దొరికినవి మాత్రం బంగారం.

95 గురించి కూడా ఒక మాట, ఎందుకంటే తర్వాత అడగబోయేది అదే. 95 అనగానే అందరికీ నెపోలియన్‌తో యుద్ధాల నాటి పచ్చ కోటు రైఫిల్ దళం గుర్తొస్తుంది. 1781 జనవరి 6న జెర్సీ దీవి రాజధాని వీధుల్లో ఫ్రెంచివాళ్ళతో పోరాడి చనిపోయిన ఇరవై నాలుగేళ్ళ మేజర్ పియర్సన్ కూడా 95వాడే. ఆ 95 పుట్టింది 1780లో, పోయింది 1783లో. ఆ చావుని కాప్లీ అనే చిత్రకారుడు పెద్ద బొమ్మ వేశాడు, ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. పటాలం మూడేళ్ళే బతికింది, దాని మేజరు మాత్రం బొమ్మలో రెండు వందల ఏళ్ళు దాటి ఇంకా పడిపోతూనే ఉన్నాడు. ఆ రోజు జెర్సీలో పక్కనే పోరాడినవాళ్ళలో పైన చెప్పిన సీఫోర్త్ 78 వాళ్ళున్నారు. ఆర్నెల్లు తిరక్కుండా వాళ్ళు చెన్నపట్నం ఓడలో ఉన్నారు.

1790లలో ఈ ఆట పరాకాష్ఠకి వెళ్ళింది. ఫ్రాన్సుతో యుద్ధం రాగానే ఎవడికి పడితే వాడికి అనుమతి పత్రం. 1794–95 నాటికి నంబర్లు 135 దాకా వెళ్ళాయి. మీసం మొలవని కుర్రాళ్ళు కల్నల్లు అయ్యారు. చాలా పటాలాలు యుద్ధభూమి మొహమే చూడలేదు. ఏడాది నిండకుండా విడగొట్టి, మనుషుల్ని పాత పటాలాల్లో కలిపేశారు. అబర్డీన్ ప్రాంతంలో 1794లో కట్టిన 109 మరుసటి ఏడాదే 53లో కలిసిపోయింది. 1794లోనే 100గా పుట్టిన గోర్డన్ హైలండర్స్ మాత్రం నంబరు మారి 92గా బతికి, పెద్ద పేరు తెచ్చుకున్నారు. 1795లో సర్వసేనాధిపతిగా వచ్చిన యార్క్ ప్రభువు, రెండేళ్ళు పనిచేయనిదే కెప్టెన్ కాకూడదు, ఆరేళ్ళు పనిచేయనిదే మేజరు కాకూడదు అని రూలు పెట్టాక ఈ తిరునాళ్ళ కాస్త సద్దుమణిగింది.

పోయిన పటాలాలకి గుర్తులు పెద్దగా ఉండవు. వాటి జెండాలు, వెండి సామాన్లు, కథలు మోసుకొచ్చే వారసులు లేరు. ఒక్క డ్రేపర్ మాత్రం ఊరుకోలేదు. ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్ళీ వచ్చి, 1762లో చెన్నపట్నం నుంచి తన 79ని ఓడల మీద తీసుకెళ్ళి అక్టోబరులో మనీలా గెలిచాడు. ఇంటికెళ్ళాక బ్రిస్టల్ పక్కన క్లిఫ్టన్‌లో ఇల్లు కట్టుకుని దానికి మనీలా హాల్ అని పేరు పెట్టుకున్నాడు. తోటలో రద్దయిపోయిన తన పటాలానికి రాతి స్మారకం కట్టించి, చనిపోయిన ఆఫీసర్ల పేర్లు చెక్కించాడు. ఇల్లు ఎప్పుడో కూల్చేశారు, స్మారకం మాత్రం దగ్గర్లోని క్రైస్ట్ చర్చి మైదానంలోకి మారి ఇంకా నిలబడి ఉంది. మద్రాసు, వందవాసి, పుదుచ్చేరి పేర్లు బ్రిస్టల్ వానలో తడుస్తుంటాయి. సిపాయిల పేర్లు అందులో లేవు, అది వేరే సంగతి.

చివరగా, మీరు మెసేజ్‌లో ఒక గుండీ ఫోటో పెట్టారు. సీసం రంగు, మధ్యలో 84. వందవాసి యుద్ధం నాటిదని అమ్మేవాడు చెప్పాడన్నారు. కొనకండి. గుండీల మీద పటాలం నంబరు వేయాలన్న ఉత్తర్వు 1767లో వచ్చింది. కూట్ 84 అప్పటికే లేదు. కెనడా 84ది ఇక్కడ దొరకడం కష్టం. 1793 నాటి 84 మాత్రం చాలా ఏళ్ళు మన దేశంలోనే ఉంది, అది పారేసుకున్న గుండీ అయితే ఆశ్చర్యం లేదు. ఆ లెక్కన ధర అడిగి చూడండి, మిమ్మల్ని చూసి కాస్త తగ్గుతాడేమో.